కార్పెట్ మీద కాలిబాట: నడకని బట్టి శుభ్రం చేసుకోవడం ఎలా

ముందే ఒక మాట. రగ్గు అంటే మన ఇళ్ళలో చలికాలం కప్పుకునేది కాబట్టి, నేల మీద పరిచేదాన్ని నేను కార్పెట్ అనే అంటాను. తివాచీ అన్నా నాకు అభ్యంతరం లేదు కానీ షాపుకెళ్ళి ఆ మాట అడిగితే అక్కడి కుర్రాడు తెల్లమొహం వేశాడు.

మా హాల్లో ఐదడుగులకి ఎనిమిదడుగుల కార్పెట్ ఒకటి ఉండేది. వంటింట్లోంచి బాల్కనీకి వెళ్ళే దారి సరిగ్గా దాని మీదుగానే. మూడేళ్ళు తిరిగేసరికి ఈ చివర నుంచి ఆ చివరకి నల్లటి చార పడింది, అచ్చం పొలం గట్టున మనుషులు నడిచి నడిచి గడ్డి చచ్చిపోయిన కాలిబాటలాగ. మిగతా కార్పెట్‌కి ఏమీ కాలేదు, సోఫా కిందున్న భాగమైతే కొన్న రోజు రంగులోనే ఉంది. నేనేమీ బద్ధకంగా ఉండలేదు, ప్రతి ఆదివారం మొత్తం వాక్యూమ్ చేసేదాన్ని. తప్పు అక్కడే ఉంది. ఎవరూ అడుగు పెట్టని సోఫా కింద రెండు నిమిషాలు, రోజుకి వందసార్లు తొక్కే ఆ దారిలోనూ అవే రెండు నిమిషాలు.

కాఫీ ఒలికితే ఇల్లంతా పరుగులు పెడతాం కానీ కార్పెట్ ఆయుష్షు తినేసేది మాత్రం రోజూ పడే అడుగులే. అందుకని శుభ్రం చేయడం కూడా అడుగులు పడే చోటుని బట్టి ఉండాలి.

అడుగు పడితే ఏమవుతుంది

కార్పెట్‌లో చేరే మురికిలో ఎక్కువ భాగం పొడిదే, అంటే మట్టి, ఇసుక, బట్టల నూగు, రాలిన చర్మం, జుట్టు. వీటిలో అసలు శత్రువు ఇసుక. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం మోస్ స్కేలు (ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే కొలత) మీద 7, అంటే అద్దం మీద కూడా గీత పెట్టగలదు. నూగు, జుట్టు పైనే తేలుతూ కంటికి కనిపిస్తాయి, ఇసుక మాత్రం బరువుకి కిందకి దిగి పోగుల మొదట్లో కూర్చుంటుంది. అడుగు పడిన ప్రతిసారీ పోగులు వంగి ఆ రేణువులకి ఒరుసుకుంటాయి. వడ్రంగి ఉప్పుకాగితం పెట్టి చెక్కని రుద్దినట్టే, కాకపోతే ఇక్కడ ఉప్పుకాగితం లోపలుంది, రుద్దేది మనం. చివరికి పోగు మొదట్లో తెగి ఊడిపోతుంది. కొత్త కార్పెట్ నుంచి మొదటి నెలల్లో నూగు రాలడం మామూలే, మూడో ఏడాదిలో నడిచే చోట మాత్రమే పోగులు రాలుతుంటే అది ఇసుక పనే.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ నల్ల చారలో కొంత అసలు మురికే కాదు. సింథటిక్ పోగు మీద ఇసుక గీతలు పడితే దాని మెరుపు పోయి, వెలుతురు అటూ ఇటూ చెదిరి, ఆ భాగం మసకగా కనిపిస్తుంది. దాన్ని ఎంత కడిగినా తెల్లబడదు, ఎందుకంటే అక్కడ తీయడానికేమీ లేదు. ఇది తెలియక నేను రెండుసార్లు డబ్బులు పోసి కడిగించాను.

మనం చెప్పులు బయటే విడుస్తాం కదా, మాకేం కాదు అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. ఇసుక తగ్గే మాట నిజమే కానీ వట్టి కాళ్ళకి చెమట, చర్మం మీది నూనె, మడమల పగుళ్ళకి రాసే క్రీము, ఆదివారం పిల్లలకి పట్టించిన కొబ్బరినూనె అన్నీ ఉంటాయి. ఆ జిడ్డు పోగులకి అంటుకుంటుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. ఈ విషయంలో చవకగా దొరికే పాలీప్రొపిలీన్ కార్పెట్‌ది వింత స్వభావం, నీళ్ళు తాగదు కానీ నూనెని మాత్రం వదలదు. ఇక స్నానం చేసి తడికాళ్ళతో హాల్లోకి వచ్చే వాళ్ళు మీ ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఎవరో చెప్పను కానీ, తడి, జిడ్డు, దుమ్ము మూడూ కలిస్తే దాన్ని బురద అనే అంటారు.

మూడోది అణగడం. ఉన్ని, నైలాన్ పోగులు తొక్కినా మళ్ళీ లేస్తాయి. పాలీప్రొపిలీన్ కొంతకాలానికి పడుకున్నది పడుకున్నట్టే ఉంటుంది. విస్కోస్ కార్పెట్లైతే, బాంబూ సిల్క్ అనీ ఆర్ట్ సిల్క్ అనీ మెరిసిపోతూ అమ్ముతారు చూడండి, అవి నడిచే చోట వేయడానికే పనికిరావు. తొక్కితే నలుగుతాయి, తడిస్తే అట్టకట్టి పసుపుపచ్చగా మారతాయి. మంచం పక్కన ఎవరూ తిరగని మూల వేసుకోండి, లేదా కొనకండి.

మీ ఇంట్లో దారి ఎటు పోతోందో చూడండి

రాత్రి హాల్లో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ వెలిగించి కార్పెట్ అంచు దగ్గర నేలకి ఆనించి పక్కవాటంగా వెలుగు వేయండి. అణిగిన దారులు నీడలతో సహా కనిపిస్తాయి. మామూలుగా మూడు చోట్ల ఉంటుంది, గది దాటే దారిలో, సోఫా ముందు కాళ్ళు ఆనే చోట, టీవీ ముందు పిల్లలు కూర్చునే చోట. తర్వాత ఆ దారి దగ్గర అంచుని తిరగేసి, కింద న్యూస్‌పేపర్ పరిచి, వెనక వైపు అరచేత్తో పదిసార్లు తట్టండి. నిన్ననే వాక్యూమ్ చేశానన్న ధీమా ఉంటే ఇది తప్పకుండా చేయాల్సిన పని. ఇసుక పడిందా, సమస్య ఇసుక. పెద్దగా పడలేదు కానీ తడిపిన తెల్లగుడ్డతో దారిని రుద్దితే గుడ్డ నల్లబడిందా, సమస్య జిడ్డు. రెండూ లేకుండా మసకగా ఉందంటే అది అరుగుదల, దానికి మందు లేదు.

కార్పెట్ దేనితో చేశారో తెలియకపోతే వెనక నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింక్ మీద వెలిగించి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడైపోతే ఉన్ని. కాగితంలా మండితే నూలో జనుమో విస్కోసో. కరిగి గట్టి పూసలా ఉండకడితే సింథటిక్. పిల్లలు పక్కన లేనప్పుడు చేయండి.

పొడి పని: తొంభై పాళ్ళు ఇదే

నడిచే దారిని రెండు రోజులకోసారి, మిగతా కార్పెట్‌ని వారానికో పది రోజులకో ఒకసారి వాక్యూమ్ చేస్తే చాలు. అయితే మెల్లగా చేయాలి. చీపురుతో ఊడ్చినట్టు గబగబా లాగేస్తే పైనున్న నూగు మాత్రమే వస్తుంది, కిందున్న ఇసుక పైకి రావడానికి గాలికి కొంత టైమ్ కావాలి. ఒకే చోట అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు, చివరి దఫా పోగులు వాలిన దిక్కుకే. తిరిగే బ్రష్ ఉన్న మెషీన్ అయితే అంచు కుచ్చుల మీదా, పొడుగు పోగుల షాగీ మీదా, జనుము మీదా ఆ బ్రష్ ఆపేయండి, లేకపోతే చుట్టుకుని పీకేస్తుంది.

నెలకోసారి కార్పెట్‌ని బోర్లా తిప్పి వెనక వైపు వాక్యూమ్ చేయండి. ఆ అదురుకి పోగుల్లో ఇరుక్కున్న ఇసుక కింద నేల మీద రాలుతుంది. కార్పెట్ ఎత్తి చూస్తే నడక దారి ఆకారంలోనే ఇసుక గీత కనిపిస్తుంది, మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. నేల ఊడ్చి, మళ్ళీ వేసి, పైన ఇంకోసారి.

వాక్యూమ్ లేదంటే అమ్మమ్మల పద్ధతి ఉండనే ఉంది. డాబా మీద పిట్టగోడకి వేసి కర్రతో కొట్టడం. పోగులున్న వైపు గోడకి ఉండాలి, దెబ్బలు వెనక వైపు పడాలి, దుమ్ము ముందు నుంచి రాలిపోవాలి. అపార్ట్‌మెంట్లో అయితే కింద ఫ్లాట్ వాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయేమో చూసుకోండి, ఈ ఒక్క విషయంలో మా కింది పిన్నిగారితో నాకు మూడు నెలలు మాటల్లేవు. ఇంకో జాగ్రత్త, కార్పెట్ వెనక గుడ్డ అంటించి ఉందంటే లోపల పోగుల్ని జిగురుతో పట్టి ఉంచారన్నమాట, దాన్ని కొడితే జిగురు విరుగుతుంది. ఎత్తినప్పుడల్లా నేల మీద తెల్లటి పొడి రాలుతుంటే ఆ జిగురు అప్పటికే చనిపోయింది, అది మురికి కాదు.

కొబ్బరి ఈనెల చీపురు జంపఖానా లాంటి చదును నేతకి బాగుంటుంది. పోగులు నిలబడి ఉండే వాటి మీద వద్దు.

తడి పని

ముందు పొడి మురికి పూర్తిగా పోవాలి. ఇసుక ఉండగా నీళ్ళు తగిలిస్తే మీరు చేసేది బురద.

సింథటిక్ కార్పెట్ మీద నడక దారిని ఇంట్లోనే తుడుచుకోవచ్చు, మొత్తం కడగక్కర్లేదు. ఒక మగ్గు గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా, అంతే, అంతకు మించి ఒక్క చుక్క వద్దు. బాగా గిలక్కొట్టి పైనొచ్చిన నురగ మాత్రం స్పాంజితో తీసుకుని ఒక అడుగు మేర దారికి అద్దండి. ఐదు నిమిషాలు ఆగి తెల్లటి నూలుగుడ్డతో ఒత్తి తీయండి. ఆ తర్వాతి పనే ముఖ్యం, దాన్నే అందరూ ఎగ్గొడతారు. మంచినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో అదే చోట కనీసం మూడుసార్లు తుడవాలి, నీళ్ళు మార్చుకుంటూ. చివరిసారి మగ్గు నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలుపుకుంటే మిగిలిన సబ్బు కూడా పోతుంది. సబ్బు పోగుల్లో ఉండిపోతే అది ఎండాక జిగటగా మారి, కడగని దానికంటే తొందరగా దుమ్ము పట్టుకుంటుంది.

నేను కడిగించిన రెండుసార్లూ జరిగింది అదే. ఇంటికి వచ్చి చేసేవాళ్ళే, ఎవరో పేరు అనవసరం, బకెట్ నిండా నురగ చేసి బ్రష్‌తో రుద్ది, పైపైన గుడ్డతో తుడిచి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం కార్పెట్ మెరిసింది. పదిహేను రోజులకి చార మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా నల్లగా. మీరు ఎవరినైనా పిలిస్తే ఏ షాంపూ వాడతారని అడగకండి, నీళ్ళు వెనక్కి ఎలా పీలుస్తారు, సబ్బు ఎన్నిసార్లు కడుగుతారు అని అడగండి. జవాబు తడబడితే టీ ఇచ్చి పంపేయండి.

తడి ఉండగానే మెత్తని బ్రష్‌తో, లేదా పాత దువ్వెనతో, అణిగిన పోగుల్ని ఎదురు దిక్కుకి దువ్వితే ఎండాక కొంత నిలబడతాయి. తర్వాత కార్పెట్ కింద రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు పెట్టి నేల నుంచి ఎత్తి ఫ్యాన్ వేయండి. ఆ రోజే ఆరిపోవాలి, రాత్రంతా తడిగా ఉంటే ముక్కిన వాసన పట్టేస్తుంది. అందుకే ముసురు పట్టే ఆషాఢ శ్రావణాల్లో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి చాలు. రంగున్న వాటిని మధ్యాహ్నపు ఎండలో పరిస్తే రంగు వెలుస్తుంది, నీడలో గాలి తగిలేలా ఆరేయండి.

జనుము కార్పెట్‌కి నీళ్ళే వద్దు. తడిస్తే ఎండేటప్పుడు గోధుమరంగు మరకలు పైకి తేలతాయి, అవి పోవు. దులపడం, వాక్యూమ్, ఏదైనా పడితే పొడిగుడ్డతో ఒత్తడం, అంతే.

నూలు జంపఖానా మాత్రం మన వాతావరణానికీ మన కాళ్ళకీ పుట్టిన వస్తువు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకి 2018లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చదునుగా నేస్తారు కాబట్టి ఇసుక దాక్కోవడానికి లోతు లేదు, చాలా వాటికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిరగేసి వేస్తే దాని ఆయుష్షు రెండింతలు. కడిగే ముందు తడిపిన తెల్లగుడ్డని ప్రతి రంగు మీదా ఒక నిమిషం ఒత్తి చూడండి. రంగు దిగితే ఇంట్లో తడపొద్దు. దిగకపోతే డాబా మీద పరిచి, చన్నీళ్ళు పోసి, తక్కువ సబ్బుతో మెత్తని బ్రష్, తర్వాత సబ్బు నురగ రాకుండా పోయేదాకా నీళ్ళు. ఎత్తడానికి ఇంకో మనిషిని ముందే మాట్లాడుకోండి, నూలు నీళ్ళు తాగితే ఇద్దరు లేపాల్సిన బరువవుతుంది. నేను ఒక్కదాన్నే లేపబోయి నడుం పట్టేసి వారం రోజులు మా ఆయన చేత వంట చేయించాను, అది వేరే కథ.

మీ ఇంట్లో ఏలూరు ఉన్ని తివాచీ ఉందంటే, తాతల నాటిదైతే మరీ, దాన్ని ఇంట్లో కడిగే ప్రయోగం చేయకండి. ఉన్నికి వేడినీళ్ళూ బట్టల పౌడరూ రెండూ పడవు. వెనక నుంచి వాక్యూమ్, తెలిసిన వాళ్ళ చేత కొన్నేళ్ళకోసారి చన్నీళ్ళ కడుగుడు. ఉన్నిని తినే పురుగు ఎప్పుడూ అడుగులు పడని చోటే చేరుతుంది, సోఫా కింద, బీరువా కింద. అడుగులు కార్పెట్‌కి మేలు చేసే సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. దాచిపెట్టాలంటే మడత పెట్టకుండా చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కాకుండా పాత నూలు దుప్పట్లో ఉంచండి.

పసుపు కాళ్ళ సంగతి

వరలక్ష్మీ వ్రతం రోజు మా పెద్దమ్మ పసుపు రాసుకున్న కాళ్ళతో లేత రంగు కార్పెట్ మీద నాలుగు అడుగులు వేసింది. నేను కంగారులో బట్టల సబ్బు పట్టుకొచ్చి రుద్దాను. అడుగులు ఎర్రగా అయిపోయాయి! పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చినట్టే ఇదీ, పసుపుకి క్షారం తగిలితే ఎరుపు, సబ్బులోనూ వంటసోడాలోనూ ఉన్నది ఆ క్షారమే. ఇలాంటిది జరిగితే పొడిని ముందు చెంచాతో గీకి వాక్యూమ్ చేయండి, వెనిగర్ కలిపిన నీళ్ళు అద్దండి, ఎరుపు మళ్ళీ పసుపవుతుంది. ఆ మిగిలిన పసుపుని ఎండకి వదిలేయండి. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, ఆ భాగం వరకే ఎండ తగిలేలా రెండు మూడు రోజులు పరిస్తే చాలావరకు వెలిసిపోతుంది.

నూనె, నెయ్యి పడిన చోట తొక్కితే అది మడమలతో హాలంతా తిరుగుతుంది, కాబట్టి ముందు అక్కడ ఒక కుర్చీ పెట్టేయండి. మొక్కజొన్న పిండి గానీ టాల్కం పౌడర్ గానీ మందంగా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్. ఏ మరకైనా బయట నుంచి మధ్యకి ఒత్తుకుంటూ రావాలి, రుద్దకూడదు.

అసలు అడుగుల్నే తగ్గిస్తే

గుమ్మం బయట కొబ్బరిపీచు పట్టా, లోపల మెత్తని నూలు పట్టా, రెండూ ఉండాలి. ఒకటి గీకడానికి, ఒకటి తడి పీల్చడానికి. బాత్రూమ్ ముందు మూడోది. ఈ పట్టాల్ని వారానికోసారి దులపాలి, ఉతకాలి, లేకపోతే మురికిని ఆపాల్సిన పట్టాయే కాళ్ళకి మురికి అందిస్తుంది.

కార్పెట్‌ని ఆరు నెలలకోసారి ఈ చివర ఆ చివరకి వచ్చేలా తిప్పి వేయండి. నడక మరీ ఎక్కువగా ఉంటే మూడు నెలలకి. తిప్పడం కుదరకపోతే సోఫానో టీపాయ్‌నో ఒక అడుగు జరిపినా దారి మారుతుంది, మనుషులు ఎప్పుడూ దగ్గరి దారినే పోతారు. కార్పెట్ కింద జారకుండా ఉండే జల్లెడ లాంటి రబ్బరు మ్యాట్ వేయండి. మన టైల్సూ మార్బులూ నున్నగా ఉంటాయి కదా, ప్రతి అడుగుకీ కార్పెట్ కొంచెం జరుగుతూ కింద నుంచి కూడా అరుగుతుంది, పైగా కిందకి జారిన ఇసుక మార్బుల్ పాలిష్‌ని గీరేస్తుంది. పెద్దవాళ్ళు జారి పడే ప్రమాదం సరేసరి. తడిగుడ్డ పెట్టిన నేల పూర్తిగా ఆరాకే కార్పెట్ వేయమని పనావిడకి చెప్పండి, మా ఇంట్లో ఇది చెప్పి ఒప్పించడానికి ఏడాది పట్టింది.

అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లలో గోడ నుంచి గోడకి అంటించిన కార్పెట్ ఉంటుంది, తిప్పే ప్రశ్నే లేదు. న్యూజెర్సీలో ఉండే మా చెల్లి వంటింటి ముందూ, తలుపు ముందూ రన్నర్లు అనే పొడుగాటి సన్న కార్పెట్లు వేసి వాటినే మార్చుకుంటుంది. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు బూట్లతో లోపలికి వచ్చి తెల్ల మరకలు కడుతుందట, కాబట్టి బూట్లకి తలుపు పక్కనే ఒక ట్రే.

మా పాత కార్పెట్ సంగతి అడిగితే, చార పోలేదు. కార్పెట్లు అమ్మే చోటికే తీసుకెళ్ళి నల్లగా అయిన నడుమ భాగాన్ని కోయించి, రెండు పక్కల మంచి ముక్కలకి అంచులు కుట్టించాను. అవి ఇప్పుడు మంచానికి అటొకటి ఇటొకటి ఉన్నాయి. నల్ల ముక్క డాబా మెట్ల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా అయింది.